తలకాయలో ఏముంది?

మన తెలుగువాళ్ళకు తల మీద ఉన్నంత మక్కువ మరే అవయవం మీదా ఉన్నట్టు కనబడదు. పరువు పోతే తలవంపులంటాం. అనుభవం ఉన్నవారిని తలపండినవారంటాం. కష్టం వస్తే తలరాత అని సరిపెట్టుకుంటాం. పని తలపెడతాం, బరువు తలకెత్తుకుంటాం, మొండివాడితో వేగలేక తల బాదుకుంటాం. చివరకు పోయేటప్పుడైనా తలకొరివి పెట్టేవాడు ఉండాలని ఆరాటపడతాం. ఇంత తల పెట్టుకుని, దాని లోపల ఏముందయ్యా అని ఎవరైనా అడిగితే మాత్రం "మెదడు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాం. ఆ మెదడులో ఏమేమున్నాయని ఇంకో ప్రశ్న వేస్తే తల గోక్కోవలసిందే!

నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గాని వైద్యుణ్ణి కాను. అయినా ఈ విషయం మీద కలం పట్టడానికి కారణం ఉంది. ఈ రోజుల్లో ఏ ఇంట్లో బీరువా తెరిచినా పెళ్ళి ఫోటోల ఆల్బంతోపాటు ఒక స్కానింగు కవరు కూడా కనబడుతోంది. నాన్నగారిదో, అత్తగారిదో. ఆ కాగితం మీద ఫ్రాంటల్ అనీ, సెరిబెల్లం అనీ, హిప్పోకాంపస్ అనీ నోరు తిరగని మాటలు. డాక్టరుగారికి బయట ఇంకా నలభైమంది కూర్చుని ఉంటారు; రెండు ముక్కల్లో చెప్పి పంపేస్తారు. ఇంటిల్లిపాదీ ఆ కాగితం చుట్టూ చేరి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. జబ్బు పెట్టే బాధ ఒక ఎత్తు, మాట అర్థంకాక పడే బెంగ ఒక ఎత్తు. మొదటిది తగ్గించడం డాక్టరుగారి పని. రెండోదాని సంగతి నాబోటివాళ్ళు కొంత చూడవచ్చు.

నిజానికి ఆ పేర్లు చూసి బెదరవలసింది ఏమీ లేదు. అవన్నీ లాటిను, గ్రీకు భాషల్లో వంటింటి మాటలూ, పెరటి మాటలూను. బాదంపప్పు, చెట్టు బెరడు, వంతెన, పడకటిల్లు, సాలెగూడు - ఇవే. పూర్వం శరీరాలను కోసి పరిశీలించినవారికి మెదడులో ఏ భాగం ఏ పని చేస్తుందో తెలియదు. కంటికి ఏది ఎలా కనబడితే దానికి ఆ పేరు పెట్టేశారు. పొడుగ్గా ఉన్నవాణ్ణి పొడుగు సుబ్బయ్య అన్నట్టు! పేర్లు ముందు వచ్చాయి, పనులు తరువాత తెలిశాయి. ఆ పనులు తెలియడానికి ఎందరో రోగులు తమ కష్టంతో వెల చెల్లించారు. ఆ కథ కూడా చెబుతాను.

కొబ్బరికాయ పోలిక

మెదడు అమరికను తెలుసుకోవడానికి కొబ్బరికాయను మించిన సాధనం లేదు. పైన పీచు, అది మన జుట్టు. దాని కింద గట్టి పెంకు, అది కపాలం. లోపల తెల్లని కొబ్బరీ, నీళ్ళూ. మన తలలోనూ నీళ్ళున్నాయి సుమా! అయితే కొబ్బరికాయలో నీళ్ళు మధ్యన ఉంటే, మన తలలో మెదడు మధ్యన ఉన్న గదుల్లోనూ, మెదడు చుట్టూ కూడా ఉంటాయి. వెన్నుపాము చుట్టూ కూడా అవే నీళ్ళు. ఒక సమయంలో ఉండేవి సుమారు 150 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న గ్లాసెడు. కాని రోజుకు అరలీటరు దాకా కొత్తగా ఊరుతూ, పాతవి రక్తంలో కలిసిపోతూ ఉంటాయి. పాఠ్యపుస్తకాల్లో దీన్ని మస్తిష్క మేరుద్రవం అంటారు. మెదడు ఇందులో తేలుతూ ఉంటుంది కనుకనే, 1,300 నుంచి 1,400 గ్రాముల దాకా తూగే ఆ ముద్ద బరువు మనకు తెలియదు; నడిచినా గెంతినా పెంకుకు గట్టిగా కొట్టుకోదు. నడుములో సూది పెట్టి "నీరు తీయాలి" అని డాక్టర్లు అనేది ఈ నీటిని గురించే.

పెంకుకూ మెదడుకూ మధ్య మూడు పొరలున్నాయి. ఇక్కడ భాషాభిమానులకు ఒక చిన్న విందు. పైపొర పేరు లాటినులో డ్యూరా మేటర్, అంటే కఠినమైన తల్లి. అడుగుపొర పయా మేటర్, అంటే మెత్తని తల్లి. మెదడుకు తల్లులెక్కడివి అంటారా? అరబ్బు వైద్యులు ఈ పొరలను మెదడు తల్లి అనేవారు. లాటినులోకి మార్చినవారు ఆ తల్లిని అలాగే తెచ్చుకున్నారు. మధ్యపొర పేరు ఎరాక్నాయిడ్, సాలెగూడు వంటిది అని అర్థం. మరి మన తెలుగు శాస్త్ర పుస్తకాలు రాసినవారో? పైపొరకు వరాశిక అన్నారు. సంస్కృతంలో వరాశి అంటే ముతక బట్ట. మధ్యపొర లౌతికళ, లూత అంటే సాలెపురుగు. అడుగుది మృద్వి, మెత్తనిది. మక్కికి మక్కి కాకుండా ఎంత చక్కగా ఆలోచించారో చూడండి!

ఈ పొరలకు క్రిములు సోకి వాచితే మెనింజైటిస్. లోపలి మెదడే వాస్తే ఎన్‌సెఫలైటిస్. మనం మెదడువాపు అని పిలిచేది దీన్నే. విపరీతమైన జ్వరం, తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, వెలుతురు చూడలేకపోవడం కలిసి వస్తే దిగదుడుపులు తీస్తూ కూర్చోవలసిన జ్వరం కాదని తెలుసుకోవాలి.

పెద్ద మెదడు, చిన్న మెదడు

పొరలు తీస్తే కనబడేది పెద్ద మెదడు, అదే సెరిబ్రం. చూడడానికి అక్రోటు కాయ పప్పులా ముడతలు ముడతలుగా ఉంటుంది. దాని పైభాగాన్ని కార్టెక్స్ అంటారు. లాటినులో అది చెట్టు బెరడుకు పేరు. ఈ బెరడు మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లే. విప్పి పరిస్తే అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు ఉన్న గుడ్డంత అవుతుంది. ఆరు గజాల చీరను చిన్న పెట్టెలో మడతలు పెట్టి ఇమిడ్చినట్టు, ప్రకృతి దాన్ని ముడతలు పెట్టి కపాలంలో ఇమిడ్చింది.

పెద్ద మెదడు రెండు చెక్కలు. శనగపప్పు బద్దల్లాగా కుడిది, ఎడమది. రెంటినీ కలుపుతూ అడుగున ఒక దట్టమైన తీగల కట్ట ఉంది. దాని పేరు కార్పస్ కెలోసం. సుమారు 20 కోట్ల తీగల గుండా రెండు చెక్కలూ కబుర్లు చెప్పుకుంటాయి. ఇక్కడ ఒక వింత గమనించాలి. ఎడమ మెదడు కుడి చేతినీ కుడి కాలినీ నడుపుతుంది. కుడి మెదడు ఎడమ పక్కను నడుపుతుంది. తీగలు కిందికి దిగేటప్పుడు మెడకు కాస్త పైన ఒకదాన్నొకటి దాటి పక్కలు మారతాయి. అంచేత కుడి చెయ్యి పడిపోయిందంటే చెడింది చెయ్యి కాదు, ఎడమ మెదడు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. దీనితో మళ్ళీ పని పడుతుంది.

ఒక్కొక్క చెక్కలో నాలుగు లోబులు. లోబ్ అంటే చెవి తమ్మె వంటిదని అర్థం. నుదుటి వెనక ఉన్నది ఫ్రాంటల్. ముందుచూపు, ఆలోచన, నిగ్రహం, కాలూచెయ్యీ కదిలించే ఆజ్ఞ దీనివి. నడినెత్తి కింద ఉన్నది పెరైటల్. లాటినులో గోడకు సంబంధించిన మాట. తాకిడి, వేడి, చల్లన, మన చెయ్యి ఎక్కడుందో మనకు తెలియడం దీని చలవే. కణతల దగ్గర ఉన్నది టెంపొరల్. వినడం, విన్నది తెలుసుకోవడం, జ్ఞాపకం. తల వెనక భాగాన ఉన్నది ఆక్సిపిటల్, చూపు దానిది. కళ్ళు ముందున్నా చూసేది వెనక! తల వెనక దెబ్బ తగిలితే కళ్ళముందు చుక్కలు కనబడేది అందుకే.

ఫ్రాంటల్ లోబు సంగతి తెలియడానికి ఒక రైలు కూలీల మేస్త్రీ కారణమయ్యాడు. అమెరికాలో 1848 సెప్టెంబరు 13న ఫినియస్ గేజ్ అనే పాతికేళ్ళ యువకుడు బండరాతిలో మందు కూరుతుండగా అది పేలి, 3 అడుగుల 7 అంగుళాల ఇనుప కడ్డీ అతని ఎడమ చెంప కింద దూరి నడినెత్తిన బయటికి వచ్చింది. మనిషి చావలేదు సరికదా, నడిచి, మాట్లాడాడు. కాని తరువాత అతని స్వభావం మారిపోయింది. నెమ్మదస్తుడు నోటి దురుసువాడయ్యాడు. అనుకున్న పని నిలకడగా చేయలేకపోయాడు. "ఇతను మా గేజ్ కాడు" అన్నారు స్నేహితులు. కొన్నాళ్ళకు కాస్త కుదుటపడి, చిలీ దేశం వెళ్ళి గుర్రపు బళ్ళు తోలి బతికి, 1860లో పోయాడు. మనిషి గుణం అనుకున్నదానికి కూడా తలలో ఒక చోటుందని ఆ కడ్డీ లోకానికి చెప్పింది.

ఇహ చిన్న మెదడు. సెరిబెల్లం అనే లాటిను మాటకు సరిగ్గా అదే అర్థం. తల వెనక, మెడకు పైన, గుప్పెడంత ఉంటుంది. తూలకుండా నడవడం, చెంబులో నీళ్ళు ఒలకకుండా తేవడం, వీణ మీద వేళ్ళు సరైన మెట్టు మీద పడడం దీని పర్యవేక్షణ. తాగినవాడు తూలడానికి కారణం సారా దీన్ని తికమక పెట్టడమే. బరువులో మెదడు మొత్తంలో పదోవంతే అయినా, మెదడులోని నాడీకణాల్లో నూటికి ఎనభై ఇక్కడే ఉన్నాయి. చిన్నవాడు గదా అని చులకన చేయకూడదు మరి!

ఈ రెంటినీ వెన్నుపాముతో కలిపే కాడ బ్రెయిన్ స్టెమ్. అందులో ఒక భాగం పాన్స్, అంటే వంతెన. ఇటలీ దేశపు వైద్యుడు వరోలియో 1573లో దాన్ని వర్ణించాడు. దాని కిందది మెడుల్లా, తెలుగులో మజ్జాముఖం. ఊపిరి, గుండె, మింగడం, దగ్గు - మనం నిద్రపోతున్నా పనిచేయవలసిన శాఖలన్నీ ఇక్కడున్నాయి. ఇంట్లో అందరూ పడుకున్నాక తలుపులు చూసుకుని, పాలు తోడుపెట్టి పడుకునే ఇల్లాలు వంటిది ఇది. చేసినన్నాళ్ళు ఎవరూ గుర్తించరు. ఒక్క క్షణం ఆగితే ఇల్లే లేదు.

మాట ఉండే చోటు

తెలుగు మాస్టారిని కనుక మాట ఎక్కడుందో చెప్పకుండా ముందుకు పోలేను. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడి దగ్గరకు ఒక రోగి వచ్చాడు. ఎవరేమన్నా అతనికి అర్థమవుతుంది. కాని అతని నోట వచ్చేది ఒక్కటే మాట, "టాన్". ఏం చెప్పాలన్నా టాన్, టాన్! అతను చనిపోయాక బ్రోకా మెదడు తీసి చూస్తే, ఎడమ పక్క ఫ్రాంటల్ లోబులో ఒక చోట చెడిపోయి ఉంది. ఆ చోటును ఇప్పటికీ బ్రోకా ఏరియా అంటున్నారు. 1874లో జర్మను వైద్యుడు వెర్నికే దీనికి జత కనిపెట్టాడు. ఎడమ కణత వెనక భాగం చెడితే మాటలు గలగలా వస్తాయి గాని వాటికి అర్థం ఉండదు. ఎదుటివారు చెప్పేదీ బోధపడదు. ఇలా మెదడు చెడి మాట పోవడాన్ని అఫేసియా అంటారు.

పుస్తకంలో చదివితే ఇంతే. కళ్ళారా చూస్తే వేరు. మా వీధిలో ఒక రిటైరైన తెలుగు పండితులుండేవారు. వేలకొద్దీ పద్యాలు నోటికి వచ్చు. ఒక ఉదయం పేపరు చదువుతుండగా కుడి చేతిలోంచి కాగితం జారిపోయింది. మూతి ఒక పక్కకు లాగింది. ఏదో అనబోయారు, ముద్దగా వచ్చింది. ఇంట్లోవాళ్ళు వాతం కమ్మిందన్నారు. చేతికి వేడి నూనె మర్దన చేశారు. ఎవరో పావురం రక్తం పూస్తే దిగిపోతుందంటే మనుషుల్ని పావురం కోసం పరుగెత్తించారు. ఆస్పత్రికి చేరేసరికి దీపాలు పెట్టారు. అప్పటికి ఎడమ మెదడులో జరగవలసిన నష్టం జరిగిపోయింది.

నెల్లాళ్ళ తరువాత చూడబోయాను. కోడలు పిల్ల మంచం దగ్గర నిలబడి, "మామయ్యగారూ, కాఫీ తెమ్మంటారా, మజ్జిగ తెమ్మంటారా?" అని అడుగుతోంది. ఆయనకు తెలుసు తనకేం కావాలో. "అది... అది..." అంటున్నారు. అది తప్ప ఇంకో మాట రాదు. ఇంతలో పక్కగదిలో మనవడు బడిలో నేర్చిన పద్యం రాగం తీసి చదవడం మొదలెట్టాడు. రెండో పాదంలో వాడు తడబడ్డాడు. మంచం మీంచి పెద్దాయన అందుకున్నారు! నాలుగో పాదం దాకా, ఒక్క అక్షరం పొల్లు పోకుండా, రాగయుక్తంగా. అందరం నిర్ఘాంతపోయాం. కోడలి కళ్ళు మెరిశాయి. "మామయ్యగారూ, ఇప్పుడు చెప్పండి, కాఫీయేనా?" అంది. ఆయన మళ్ళీ "అది..." అని ఆగి, తల గోడ వైపు తిప్పుకున్నారు.

దీనికి సమాధానం తలకాయ లోపలే ఉంది. కొత్త వాక్యం కూర్చుకోవడానికి ఎడమ పక్క చోటు కావాలి. చిన్ననాడు కంఠస్థమైన పద్యానికీ, పాటకూ, రాగానికీ కుడి మెదడు కూడా ఆసరా ఇస్తుంది. అంచేత మాట పోయినవారు కొందరు పాడగలరు. ఈ ఆధారం పట్టుకునే రాగంతో మాట నేర్పించే చికిత్స కూడా ఉంది. మాట పోయినవారికి బుద్ధి పోయిందనుకుని వాళ్ళ ఎదుటే వాళ్ళను గురించి గుసగుసలాడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. లోపల మనిషి అలాగే ఉన్నాడు. తలుపు గడియ పడిపోయింది, అంతే.

అంతఃపురంలో

రెండు చెక్కల నడుమ, లోపలెక్కడో ఉన్న గదికి థలామస్ అని పేరు. గ్రీకులో లోపలి గది, పడకటిల్లు అని అర్థం. తెలుగు చేసినవారు పర్యంకం, అంటే మంచం అన్నారు. పేరు పడకదే గాని దానికి పడుకునే తీరికే లేదు. కన్ను, చెవి, చర్మం పంపే కబుర్లన్నీ పెద్ద మెదడుకు వెళ్ళే ముందు ఇక్కడ ఆగవలసిందే. తపాలా ఆఫీసులో ఉత్తరాలు విడదీసినట్టు విడదీసి పంపుతుంది. వాసన ఒక్కటే దీని దగ్గర ఆగకుండా వాసన గుర్తించే చోటికి నేరుగా పోతుంది. దీని కింద ఉన్నది హైపోథలామస్. బాదంకాయంత ఉండి, ఆకలి, దాహం, ఒంటి వేడి, నిద్ర అన్నీ చూసుకుంటుంది.

కణతల లోపల అడుగున ఒక జత ఉంది: హిప్పోకాంపస్. 1587లో అరాంజియో అనే ఇటలీ వైద్యుడు చూసి, సముద్రంలో ఉండే గుర్రపుమూతి చేపలా ఉందన్నాడు, లేకపోతే పట్టుపురుగులా ఉందన్నాడు. చేప పేరే నిలిచింది. దాని కొసన ఉన్నది అమిగ్డాలా, అంటే బాదంపప్పు. భయం పుట్టించే గంట ఇది. చీకట్లో తాడు చూసి ఎగిరి పడడం దీని పని. అది పాము కాదని తేల్చుకోవడం బెరడు పని.

హిప్పోకాంపస్ పని ఏమిటో 1953లో ఒక దురదృష్టవంతుడి వల్ల తెలిసింది. హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ళ అమెరికను యువకుడికి మూర్ఛలు ఎంతకూ తగ్గకపోతే, శస్త్రవైద్యులు రెండు పక్కలా ఆ భాగాన్ని చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కాని ఆనాటి నుంచి 2008లో మరణించేదాకా అతనికి కొత్త జ్ఞాపకం నిలవలేదు. ఇప్పుడే మాట్లాడి వెళ్ళిన మనిషి పది నిమిషాల్లో తిరిగి వస్తే కొత్తవారే. చిన్ననాటి సంగతులు మాత్రం చక్కగా చెప్పేవాడు. పాత సామాను ఇంకోచోట భద్రంగానే ఉంది. కొత్త సామాను లోపల పెట్టే గుమాస్తా లేడు.

ఇది మన ఇళ్ళకు ఎందుకు అవసరమంటారా? ఎన్నో ఇళ్ళల్లో ముసలి అత్తగారు అన్నం తిని చెయ్యి కడుక్కుని, గంట తిరక్కుండా "నాకు అన్నం పెట్టలేదు" అని వచ్చినవారితో చెబుతుంది. కోడలు కుమిలిపోతుంది. కొడుకు ఎవరి మాట నమ్మాలో తెలియక సతమతమవుతాడు. అదే అత్తగారు యాభై ఏళ్ళ కిందటి తన పెళ్ళిలో ఏ కూరలు వడ్డించారో పూసగుచ్చినట్టు చెబుతుంది. కనుక జ్ఞాపకం బాగానే ఉందనీ, కావాలనే చేస్తోందనీ అనుకుంటారు. జర్మను వైద్యుడు ఆల్జైమర్ 1906లో బయటపెట్టిన వ్యాధి మొట్టమొదట చెరుపు చేసేచోట్లలో ఈ హిప్పోకాంపస్ ఒకటి. ఆ పెద్దావిడ అబద్ధమాడడం లేదు. గుమాస్తా సెలవులో ఉన్నాడు. ఈ ఒక్క మాట తెలిస్తే ఎన్ని కన్నీళ్ళు ఆగుతాయో ఆలోచించండి.

తీగలు, సందులు

ఇంతకూ ఇదంతా దేనితో కట్టారు? ఇటుకలు నాడీకణాలు, అంటే న్యూరాన్లు. మనిషి మెదడులో వీటి లెక్క సుమారు 8,600 కోట్లు. ఒక్కొక్కటీ ఒక చెట్టు. కొమ్మల వంటివి డెండ్రైట్లు. గ్రీకులో చెట్టుకు సంబంధించిన మాటే. కబురు వచ్చేది కొమ్మల ద్వారా. కబురు పోయేది ఏక్సాన్ అనే ఒక పొడుగాటి కాడ ద్వారా. వెన్నుపాము నుంచి కాలివేళ్ళ దాకా పోయే కాడ మీటరు పొడవుంటుంది. కరెంటు తీగకు రబ్బరు తొడుగున్నట్టు చాలా కాడలకు మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. ఆ తొడుగున్న తీగల్లో కబురు సెకనుకు 120 మీటర్ల దాకా పరుగెత్తగలదు.

ఈ చెట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒకే వలగా ఉన్నాయని ఇటలీవాడు గోల్జీ, కాదు, దేనికది విడిగా ఉందని స్పెయినువాడు కహాల్ వాదించుకున్నారు. 1906లో నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపి ఇచ్చారు. కహాల్ చెప్పిందే నిజమని తేలింది. కణానికీ కణానికీ నడుమ ఒక సన్నని సందు ఉంది. దానికి 1897లో షెరింగ్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు పేరు వెతుకుతుంటే, వెరాల్ అనే గ్రీకు పండితుడు "సినాప్స్ అను" అని సలహా ఇచ్చాడు. పెనవేసుకోవడం అని అర్థం. భాషా పండితులు శాస్త్రానికి పనికిరారనేవారికి నేను ఈ కథ చెబుతూ ఉంటాను!

కాడలో విద్యుత్తుగా వచ్చిన కబురు ఈ రేవు దగ్గర పడవ ఎక్కుతుంది. ఆ పడవలే కొన్ని రసాయనాలు. డోపమిన్ అలాంటిదే. మెదడు కాడలో నల్లని పదార్థం అనే పేరుగల చోట డోపమిన్ తయారుచేసే కణాలు నశిస్తే వచ్చేది పార్కిన్‌సన్ వ్యాధి; మన పెద్దలు కంపవాతం అన్నది ఇటువంటిదే. చెయ్యి వణకడం, అడుగు ముందుకు పడకపోవడం పిరికితనం వల్లా, బలహీనత వల్లా కాదు, పడవలు తక్కువపడ్డాయి.

కొన్నిసార్లు లక్షలాది కణాలు ఒక్కసారిగా అదుపు తప్పి కబుర్లు పంపుకుంటాయి. అది తలలో పిడుగులవాన. అదే మూర్ఛ. చేతిలో తాళాలగుత్తి పెట్టినా, పెట్టకపోయినా చాలావరకు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. ఆగింది గనుక ఇనుము మహిమ అనుకున్నాం. చేయవలసింది ఇంతే: మనిషిని పక్కకు ఒత్తిగించి పడుకోబెట్టాలి, తల కింద మెత్తనిదేదైనా పెట్టాలి, నోట్లో చెంచా గాని, నీళ్ళు గాని, ఏమీ పెట్టకూడదు, గట్టిగా అదిమి పట్టకూడదు. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే ఆస్పత్రికి తీసుకుపోవాలి. సరైన మందులు వాడితే నూటికి డెబ్బైమంది దాకా మూర్ఛలు లేకుండా బతకగలరు. సంబంధాలు చెడతాయని ఆడపిల్లకు మందు మాన్పించి దాచిపెట్టే తల్లిదండ్రులు ఈ మాట మరోసారి చదవాలి.

గడియారం చూడవలసిన జబ్బు

చివరకు అసలు సంగతికి వస్తున్నాను. మన భాషలో నరం అనే మాట ఒక్కటే; పనులు మూడు. రక్తం పోయే గొట్టాన్నీ నరం అంటాం, కబురు పోయే తీగనూ నరం అంటాం, కండను ఎముకకు కట్టే తాడునూ నరమే అంటాం. "తలలో నరం చిట్లింది" అంటే చిట్లింది తీగ కాదు, రక్తనాళం. ఈ తేడా తెలియాలి, ఎందుకంటే మెదడు రక్తం లేనిదే క్షణం ఓర్చుకోలేదు. ఒంటి బరువులో నూటికి రెండు పాళ్ళయినా, ఒంటికి అందే ప్రాణవాయువులో అయిదోవంతు అదే వాడుకుంటుంది. నిలవ ఉంచుకునే కొట్టు దానికి లేదు.

ఆ గొట్టంలో గడ్డ అడ్డుపడినా, గొట్టం చిట్లినా వచ్చేదే స్ట్రోక్, మన పక్షవాతం. నూటికి ఎనభై అయిదు గడ్డ వల్ల వచ్చేవే. అలా అడ్డుపడిన ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని లెక్క కట్టారు. గడ్డ కరిగించే మందు ఉంది. కాని అది మొదటి లక్షణం కనబడిన నాలుగున్నర గంటల లోపల పడాలి. ఎంత ముందు పడితే అంత మేలు. పెద్ద గొట్టం మూసుకుపోతే సన్నని తీగ పంపి గడ్డను లాగివేసే పద్ధతి కూడా ఇప్పుడుంది. అయితే గడ్డో, చిట్లడమో స్కానింగు తీస్తేగాని ఎంత గొప్ప డాక్టరుకూ తెలియదు. చిట్లినవారికి రక్తం పలచబడే మాత్ర వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఇంట్లో మాత్రలు వేయకూడదు. మింగడం కూడా చెడి ఉండవచ్చు గనుక నీళ్ళు గాని, కాఫీ గాని పోయకూడదు. చేతికి నూనె రాసినంతసేపూ చెడుతున్నది చెయ్యి కాదు, పైన ఎదుటి పక్క మెదడు.

గుర్తులు ఎనిమిదేళ్ళ పిల్లవాడికైనా నేర్పవచ్చు. నవ్వమంటే మూతి ఒక పక్కకు పోతుంది. రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారిపోతుంది. ఒక చిన్న వాక్యం చెప్పమంటే మాట ముద్దగా వస్తుంది, లేదా రాదు. ఉన్నట్టుండి తూలిపోవడం, ఒక కంటి చూపు మసకబారడం కూడా గుర్తులే. వీటిలో ఏ ఒక్కటి కనబడినా మొదట గడియారం చూసి టైము కాగితం మీద రాసుకోండి; డాక్టరు మొదట అడిగే ప్రశ్న అదే. వెంటనే 108కి ఫోను చేసి, స్కానింగు యంత్రం ఉన్న ఆస్పత్రికే తీసుకుపొమ్మనండి. పది నిమిషాల్లో తగ్గిపోయినా వెళ్ళవలసిందే; అది పెద్ద దెబ్బకు ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు.

అసలు రాకుండా చూసుకోవడం మరీ మంచిది. స్ట్రోక్‌కు అన్నింటికంటే పెద్ద కారణం రక్తపు పోటు. నొప్పి ఉండదు, కనబడదు. "బాగానే ఉన్నాగా" అని మాత్ర మానేసినవారి ఇళ్ళల్లోనే ఎక్కువగా ఈ గోల. బాగుండడం మాత్ర వల్లనే! ఊరగాయల మీది మమకారం కాస్త తగ్గించుకుని, పొగ మానేసి, రోజూ నాలుగు అడుగులు వేసి, నెలకొకసారి పోటు చూపించుకుంటే చాలావరకు గండం తప్పుతుంది.

ఈ పేర్లన్నీ కంఠస్థం చేయనక్కరలేదు. ఎవరూ మార్కులు వేయరు. ఈ రాత్రి భోజనాల దగ్గర ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు ఆ మూడు గుర్తులూ, నాలుగున్నర గంటల మాటా ఒకసారి చదివి వినిపించండి. పనిమనిషికీ, పిల్లలకూ కూడా. ఎవరి తల ఎప్పుడు ఎవరి చేతిలో పడుతుందో తెలియదు గదా.